బాపు ఊళ్లో లేనప్పుడు ఇల్లు ఖాళీ చేయించొచ్చా?

ప్రశ్న: మేం హనుమకొండలో ఉంటాం. మా బాపుకు 71 ఏండ్లు. అమ్మ పోయి నాలుగేండ్లవుతోంది. అప్పటినుంచి కరీమాబాద్‌లోని పాత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఆజంజాహి మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక చిన్నాచితకా పనులు చేసుకుంటూ మమ్మల్ని చదివించారు. ఏదీ పారేయకపోవడం ఆయనకు ముందునుంచీ ఉంది. అమ్మ ఉన్నప్పుడు తిట్టో, తెలియకుండా అమ్మేసో కొంత తగ్గించేది. ఇప్పుడు మూడు గదులూ నిండిపోయాయి. పాత పేపర్లు, బియ్యం సంచులు, గుడ్డ పీలికలు, పాడైన ఫ్యాన్లు, వైర్ల చుట్టలు, కవర్లు, అమ్మ చీరలు. ఇంట్లో పక్కకు తిరిగి నడవాలి. దొడ్డి తలుపు తెరుచుకోదు. పోయిన నెల పొయ్యి పక్కనున్న పేపర్ల కట్టకు నిప్పంటుకుంది. పక్కింటామె పొగ చూసి పరుగెత్తుకొచ్చి బిందెడు నీళ్లు కుమ్మరించింది. బాపు మాత్రం “ఏం కాలే, జరంత మసి అంటింది” అంటారు. బీడీ తాగుతారు, అమ్మ ఫొటో ముందు రోజూ దీపం పెడతారు. వచ్చే నెల కరీంనగర్‌లో మా చిన్నమ్మ బిడ్డ పెళ్లి. ఆ రెండు రోజులు బాపును అక్కడే ఉంచి, ఈలోపు ఆటో పెట్టి ఇల్లంతా ఖాళీ చేయిద్దామని హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు అంటున్నాడు. చేయొచ్చా? ఇది జబ్బా, మొండితనమా? దసరా సెలవులకు తాత దగ్గరికి పోతానని మా పాప ఒకటే గోల. పంపాలంటే భయమేస్తోంది.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు:

అమ్మా, ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి ఆ ఆటో ఆలోచన మానుకోమనండి. అతని మీద నాకు కోపం లేదు. తండ్రి ఇంట్లో నిప్పంటుకుందని విన్న ఏ కొడుకైనా అలాగే అనుకుంటాడు. కానీ పెళ్లి నుంచి తిరిగొచ్చి తాళం తీసిన మీ బాపుకు ఖాళీ గదులు కనిపిస్తే ఎట్లుంటుందో ఆలోచించండి. పోయినవాటిలో మీ అమ్మ చీరలు కూడా ఉంటాయి. ఆయన లెక్కలో అది దొంగతనమే, చేసింది కన్నపిల్లలు. ఇలా చెప్పకుండా ఖాళీ చేయించిన ఇళ్లు చాలావరకు కొన్నాళ్లకు మళ్లీ నిండుతాయి. ఈసారి మాత్రం పిల్లలొస్తే తలుపు తీయరు. కొందరు పెద్దవాళ్లు ఆ దెబ్బకు తిండి మానేసి మంచం పడతారు, చావు మాట ఎత్తేవాళ్లూ ఉంటారు. అగ్గి భయం పోగొట్టబోయి మీరు ఆ ఇంట్లో అడుగుపెట్టే వీలే పోగొట్టుకుంటారు.

ఇంకో చిన్న సంగతి కూడా తమ్ముడి చెవిన వేయండి. ఆ వయసువాళ్లు ఇంటి కాగితాలు, పీఎఫ్ రసీదులు, బ్యాంకు పుస్తకం, ఒక్కోసారి నోట్లు, కమ్మలు కూడా పాత పేపర్ల మడతల్లోనూ డబ్బాల అడుగునా దాస్తారు. కిలోల లెక్కన తూకం వేసి ఎత్తుకుపోయాక వాటిని ఎవరు వెతికి తెస్తారు? అసలు ఇల్లు ఆయన పేరు మీద ఉందనుకుంటాను.

జబ్బా, మొండితనమా అని అడిగారు. ఉత్తరం చదివి జబ్బు పేరు పెట్టడం ఎవరికీ తగదు. మీరు రాసిన లక్షణాలు మాత్రం హోర్డింగ్ డిజార్డర్ అనే, ఏదీ వదులుకోలేక పోగేసే మానసిక సమస్యకు చాలా దగ్గరగా ఉన్నాయి. ఒకప్పుడు దీన్ని ఓసీడీలో (ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా వెంటాడే జబ్బు) ఒక రకంగా చూసేవారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం డీఎస్‌ఎం-5 అనే తన మానసిక జబ్బుల పట్టికలో దీన్ని విడి జబ్బుగా చేర్చింది. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లోనూ విడిగానే ఉంది. పాశ్చాత్య దేశాల సర్వేల్లో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఈ లక్షణాలు కనిపించాయి, పెద్ద వయసువాళ్లలో ఇంకా ఎక్కువ.

పారేయకపోవడమే జబ్బయితే మన వాడకట్టులో ఒక్క ఇల్లూ మిగలదు. పాత చీరలతో బొంత కుట్టని ఇల్లేది, ఖాళీ సీసాలో చింతపండు పోయని అమ్మ ఎవరు? అది పొదుపు. సామాను దేనికి వాడదామనుకున్నారో దానికి ఎప్పుడో ఒకప్పుడు వాడతారు, గది గదిలాగే ఉంటుంది. సమస్య మొదలైన ఇంట్లో మంచం మీద పడుకునే చోటుండదు, గట్టు మీద కూరగాయలు తరిగే జాగా ఉండదు. ఒక్క కవరు తీసినా ఆ మనిషికి గుండెలో గుబులు పుడుతుంది. “రేపు పనికొస్తది” అన్న మాట ఆయన నిజంగా నమ్మే అంటారు, మిమ్మల్ని ఏడిపించడానికి కాదు. ఇది తరచూ కుర్రతనంలోనే చిన్నగా మొదలై, పదేళ్లకు పదేళ్లకు పెరుగుతూ వస్తుంది. భార్యో భర్తో పోయినప్పుడు ఒక్కసారిగా ముదురుతుంది. మీ అమ్మ తిట్టడం, తెలియకుండా అమ్మడం ఇన్నేండ్లూ ఆ ఇంటిని కాపాడాయి. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేరు, పైగా దుఃఖం తోడైంది. మిల్లు మూతపడి బతుకు తలకిందులైన మనిషికి వస్తువు మీద పట్టు ఎక్కువ ఉండటంలో వింత లేదని మీకనిపించొచ్చు. కానీ కష్టం చూసినవాళ్లందరూ ఇలా పోగెయ్యరు, ఏ కష్టమూ ఎరగనివాళ్లలోనూ ఇది ఉంటుంది. కాబట్టి కారణం వెతుకుతూ కాలం గడపకండి.

ఒక్కటి మాత్రం గమనించండి. ఈ ఏడాది రెండేళ్లలో ఆయన తీరు మారిందా? పేర్లు మర్చిపోవడం, అడిగిందే అడగడం, తెలిసిన గల్లీలో దారి తప్పడం, పాచిపోయిన తిండి కూడా దాచిపెట్టడం, స్నానం మానేయడం వంటివి ఉంటే అది మతిమరుపు జబ్బు మొదలు కావచ్చు. అలాగే నిద్ర, ఆకలి తగ్గి, “ఇంక ఎవరి కోసం” అనే మాట ఎక్కువైతే డిప్రెషన్ కావచ్చు. రెండింటికీ దారి వేరు, వైద్యం వేరు. అందుకే డాక్టర్‌కు చూపించడం ఎటూ తప్పదు. ఆ మాటకు తర్వాత వస్తాను, ఎందుకంటే నిప్పు డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా ఆగదు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1999 నుంచి 2009 వరకు జరిగిన ఇళ్ల అగ్నిప్రమాదాలను అక్కడి ఫైర్ సర్వీస్ పరిశీలించింది. ఇలా సామానుతో నిండిన ఇళ్లలో జరిగినవి మొత్తం ప్రమాదాల్లో 0.25 శాతమే. నివారించగలిగిన అగ్నిప్రమాద మరణాల్లో మాత్రం వాటి వాటా 24 శాతం. ఇలాంటి ఇంట్లో ప్రమాదం జరిగితే ప్రాణం మీదికి రావడం ఎంత తేలికో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. మంటకు మేత గోడ పొడుగునా ఉంటుంది, మనిషికి మాత్రం పారిపోయే దారి ఉండదు. నిప్పులో పోయేవాళ్లలో ఎక్కువమంది ఊపిరాడకే పోతారు. ఫోం పరుపు, ప్లాస్టిక్ కవర్లు కాలితే వచ్చే పొగ కొన్ని నిమిషాల్లోనే మనిషిని స్పృహ తప్పిస్తుంది. మన ఇళ్లకు ఇంకో చిక్కుంది: కిటికీలకు ఇనుప ఊచలు. దొంగల భయంతో పెట్టుకున్న ఆ ఊచల వల్ల కిటికీలోంచి బయటపడే మాటే లేదు. ఉన్నవి రెండు తలుపులు, మీ బాపు ఇంట్లో ఒకటి ఇప్పటికే మూసుకుపోయింది.

అందుకే మీ గురి మార్చుకోమంటున్నాను. ఇల్లు శుభ్రం చేయాలన్న పట్టుదల ఇప్పటికి పక్కన పెట్టండి. అది మీ కోరిక, ఆయనది కాదు. రాత్రి రెండింటికి నిప్పంటుకుంటే బాపు లేచి బయటపడగలగాలి, ఫైర్‌వాళ్లు లోపలికి రాగలగాలి. ఈ ఏడాదికి ఇంతే పెట్టుకోండి. ఈ పనికి ఒక్క వస్తువు కూడా పారేయక్కర్లేదు, జరిపితే చాలు. పోగేసే అలవాటున్న మనిషి ఒప్పుకోగల మాట కూడా ఇదొక్కటే.

వచ్చే ఆదివారం వెళ్లినప్పుడు మంచం నుంచి మొదలుపెట్టి వీధి తలుపు దాకా ఆయన కాళ్లతో నడిచినట్టు నడిచి చూడండి. ఆ దారి కనీసం మూడు అడుగుల వెడల్పుండాలి, నేల మీద వైరు, గోనెసంచి, చెప్పు ఏదీ ఉండకూడదు. ఆ దారికి ఇరుపక్కలా పేర్చిన కట్టలు నడుమెత్తు దాటకుండా దించండి. తలెత్తు దాకా పేర్చిన పేపర్లు మంట లేకుండానే కూలి ముసలాయన మీద పడొచ్చు. నీళ్లు కొట్టాక తడిసిన కాగితం బరువు ఎంతో ఫైర్‌వాళ్లను అడిగితే చెబుతారు. తలుపుకు లోపల తాళం వేసుకునే అలవాటుంటే మాన్పించి గొళ్లెం ఒక్కటే పెట్టుకోమనండి. లేదంటే తాళంచెవి తలుపు పక్కనే మేకుకు వేలాడాలి. రెండో పని దొడ్డి తలుపు. దాని ముందున్న సంచులు ఏ గదిలోకి జరిపినా సరే, ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి.

తర్వాత వంటిల్లు. పోయిన నెల ఎక్కడ అంటుకుందో అక్కడే నిలబడి చూడండి. గట్టు మీద పొయ్యికి ఆనుకుని పేపర్లు, పైన మేకుకు వేలాడే కవర్లు, అగ్గిపెట్టె పక్కన నూనె మరకల గుడ్డ. పొయ్యి చుట్టూ మూడు అడుగుల మేర కాలేది ఏదీ వద్దు, పైనా వద్దు. సిలిండర్ నిలబెట్టే ఉండాలి, దాని చుట్టూ నేల ఖాళీగా ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలబారుగా పాకి సంచుల సందుల్లో చేరి కూర్చుంటుంది. అట్లాంటి చోట వాసన కూడా ఆలస్యంగా తెలుస్తుంది. రబ్బరు ట్యూబ్ మీద గడువు అచ్చేసి ఉంటుంది, మామూలుగా 5 ఏండ్లకోసారి మార్చాలి. ఎలుకలున్న ఇల్లు కాబట్టి పంటిగాట్లు కూడా చూడండి. రాత్రి రెగ్యులేటర్ ఆపే పడుకోవాలి. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు కూడా. తలుపులు తీసి బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఇంట్లో ఎక్కడైనా కిరోసిన్ డబ్బా, పెయింట్లో కలిపే టర్పెంటైన్, థిన్నర్ ఉన్నాయేమో అడగండి. పారేయనక్కర్లేదు అని చెప్పాను, వీటికి మాత్రం మినహాయింపు. అవి ఆ రోజే ఇల్లు దాటాలి.

కరెంటు సంగతి ఇంతకంటే ముఖ్యం, కంటికి కనపడదు కాబట్టి. సామాను నిండిన ఇంట్లో ఎలుకలు చేరతాయి, ఎలుకలు వైరు తొడుగు కొరుకుతాయి, బయటపడ్డ రాగి పక్కనే ఎండిన కాగితం ఉంటుంది. దీనికితోడు మన వరంగల్ ఎండలు. మేలో కూలర్ పొద్దస్తమానం తిరుగుతుంది, ఆ కూలర్ వైరు ఏ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కో పెట్టి ఉంటుంది, ఆ బాక్స్ ఏ చీరల మూట కిందో ఉంటుంది. చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుందేమో చూడండి. మీటరు, మెయిన్ స్విచ్ ముందు జాగా ఖాళీ చేసి, నమ్మకమైన ఎలక్ట్రీషియన్‌ను ఒకసారి తీసుకెళ్లండి. పాత ఫ్యూజ్ కట్టౌట్ల స్థానంలో లోడు ఎక్కువైతే తనంతట ఆగిపోయే ఎంసీబీ స్విచ్, వీలైతే దాంతోపాటు కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఆ ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పాలి: ఇంటి గురించి ఒక్క వెటకారం మాట అనొద్దని. “ఇదేం ఇల్లు సార్” అని అతను అన్నాడంటే మీ నెలరోజుల కష్టం గంగలో కలిసినట్టే.

బీడీ మాన్పించడం ఇప్పుడు పెట్టుకోకండి. ఒకేసారి అన్నిటి మీదా యుద్ధానికి దిగితే ఏదీ జరగదు. బీడీ అరుగు మీదే, మంచం మీద వద్దు, ఆర్పడానికి ఇసుక పోసిన డబ్బా. ఈ మూడింటికి ఒప్పుకుంటే చాలు. దీపం విషయంలో ఇంకా సున్నితంగా ఉండాలి. ఆ దీపం మీ అమ్మది. ఫొటో చుట్టూ ఉన్న చీరలను కొంచెం దూరం జరిపి, నీళ్లు పోసిన వెడల్పాటి ఇత్తడి తాంబాళంలో కుంది పెట్టమని, దీపం కొండెక్కేదాకా అక్కడే కూర్చోమని అడగండి. నూనె తక్కువ పోస్తే కాసేపట్లోనే కొండెక్కుతుంది. కూర్చోవడానికి ఆయన కాదనరు, చూడండి.

పడుకునే గదిలో పైకప్పుకు బ్యాటరీతో పనిచేసే స్మోక్ అలారం ఒకటి బిగించండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వైరింగ్ అక్కర్లేదు. వంటింట్లో పెడితే పోపు పెట్టినప్పుడల్లా మొత్తుకుంటుంది, అక్కడ వద్దు. మంటలార్పే సిలిండర్ కొనాలా అని అడుగుతారేమో. కొనండి, ఏబీసీ పౌడర్ రకం, తలుపు దగ్గర పెట్టండి. కానీ 71 ఏండ్ల మనిషి ఒంటరిగా మంటతో కొట్లాడాలని నేను అనుకోను. ఆయనకు నేర్పాల్సింది వంగి నేలబారుగా బయటికి రావడం, వస్తూ తలుపు మూయడం, 101కో 112కో ఫోన్ చేయడం, ఏ వస్తువు కోసమూ మళ్లీ లోపలికి పోకపోవడం. సామాను మీద ప్రాణం ఉన్నవాళ్లు తిరిగి లోపలికి పోయి చిక్కుకుపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే మీ అమ్మ ఫొటో నకలు ఒకటి, ఇంటి కాగితాలు మీ ఇంట్లో దాచి, “అమ్మ ఫొటో నా దగ్గర కూడా ఉంది బాపూ, దానికోసం లోపలికి పోకు” అని ముందే చెప్పి ఉంచండి. పక్కింటామెకు మీ నంబరు, ఒక తాళంచెవి ఇవ్వండి. ఎప్పుడైనా ఫైర్‌స్టేషన్‌కు ఫోన్ చేయాల్సొస్తే ఇల్లు సామానుతో నిండి ఉందని, లోపల పెద్దాయన ఏ గదిలో పడుకుంటారో ఆమె చెప్పగలగాలి. గల్లీలోకి బండి ఎంతవరకు వస్తుందో కూడా.

ఇవన్నీ బాపుతో ఎలా మాట్లాడాలి? మీరిద్దరూ ఇప్పటిదాకా ఎలా మాట్లాడి ఉంటారో ఊహించగలను. “ఈ చెత్తంతా ఎప్పుడు తీస్తవ్ బాపూ, నలుగురిలో పరువు పోతుంది.” చెత్త అన్న మాట వినగానే ఆయన చెవులు మూసుకుంటాయి. సామాను అనండి. పరువు ఊసు ఎత్తకండి. ప్రశ్న అడిగి ఆగండి: “రాత్రి కరెంట్ పోతే బాత్రూంకు ఎట్ల పోతున్నవ్ బాపూ?” ఆయనే చెబుతారు, ఏదో ఒక రోజు కాలికి ఏదో తగిలిందని. “ఆ రోజు పొయ్యి కాడ అంటుకున్నప్పుడు నీకు భయం కాలేదా?” అని అడగండి. లేదంటే లేదననివ్వండి. “నాకైతే అయింది. ఆ పేపర్లు నేను పారెయ్య. నడింట్లకు జరుపుదాం, నువ్వు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడ్త” అనండి. ఆ మాట మీద నిలబడండి. ఆయన చూడకుండా ఒక్క కవరు సంచిలో వేసుకున్నా దొరికిపోతారు. ఎక్కడ ఏముందో మనకు తెలియదు గానీ ఆయనకు తెలుసు.

ఒక్కో పూట గంట మించి పని పెట్టుకోకండి. ఆయన అలసిపోతే ఆపేయండి, పని సగంలో ఉన్నా సరే. తేళ్లు, జెర్రులు ఉండే అవకాశం ఉంది, దుమ్ము సరేసరి, కాబట్టి మాస్కు, చేతికి మందపాటి తొడుగులు.

దారులు తెరుచుకుని కొన్ని వారాలు గడిచాక, ఆయన మనసు కుదుటపడితే, తగ్గించే మాట ఎత్తొచ్చు. చీరల జోలికి అసలు పోకండి, అవి ఆఖరున. పేపర్లు, సీసాలతో మొదలుపెట్టండి. పాత సామాన్లు కొనే ఆటో మైకు పెట్టుకుని గల్లీలోకి వస్తుంది కదా, అతన్ని లోపలికి రానీయకుండా అరుగు దగ్గరే ఆపండి. ఏ కట్ట ఇవ్వాలో బాపే తీసివ్వాలి, తూకం బాపే చూడాలి, బేరం బాపే ఆడాలి, డబ్బు బాపు చేతికే రావాలి. ఒక పూట రెండే కట్టలు ఇచ్చి మూడోది వెనక్కి తీసుకుంటే మీరు నవ్వకండి, నిట్టూర్చకండి. “పారేసుడు” అంటే ఒప్పుకోని మనిషి “అక్కరున్నోళ్లకు ఇద్దాం” అంటే కొన్నిసార్లు ఒప్పుకుంటారు. పనికొచ్చే దుప్పట్లు, గిన్నెలు ఎవరికి ఇస్తున్నారో ఆయనకే చూపించండి. కొత్తగా వచ్చేవాటి మీద కూడా కన్నేయాలి. రోజూ పేపరు వేయించుకుంటున్నారా? మానమనొద్దు, పోయిన వారానివి ఈ వారం వచ్చేలోపు పోవాలన్న ఒప్పందం ప్రయత్నించండి. మొదట్లో తప్పుతుంది, పర్వాలేదు.

ఇక వైద్యం. దీనికి ఒక్క మాత్రతో తగ్గే మందు లేదు. డిప్రెషనో ఆందోళనో తోడుగా ఉంటే వాటికి మందులు పనిచేస్తాయి. అసలు సమస్యకు సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది. వస్తువును వదులుకుంటే కలిగే గుబులును కొద్దికొద్దిగా ఓర్చుకోవడం, ఏది ఉంచాలో ఏది వద్దో తేల్చుకోవడం, కొత్తవి తెచ్చుకోకుండా ఆగడం అందులో సాధన చేయిస్తారు. నెలల తరబడి పడుతుంది. మన దగ్గర ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ముందు అక్కడికే వెళ్లండి. “పిచ్చి డాక్టర్ దగ్గరికి నేనెందుకు” అని బాపు అంటారని మీకు తెలుసు, నాకూ తెలుసు. అందుకని నిద్ర పట్టట్లేదనో మోకాళ్ల నొప్పులనో బీపీ చూపిద్దామనో మామూలు డాక్టర్‌తో మొదలుపెట్టొచ్చు. అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్లకండి, ఆ నిద్ర సంగతి నిజంగానే అడగండి. డాక్టర్‌కు ఇంటి ఫొటోలు చూపించాలనుకుంటే బాపును అడిగే తీయండి. మతిమరుపు అనుమానముంటే థైరాయిడ్, బీ12 పరీక్షల మాట కూడా డాక్టర్‌నే అడగండి.

ఆయన రానంటే మీరు ఆగిపోనక్కర్లేదు. టెలీ మానస్ నంబరు 14416కు మీరే ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. మీ టెన్షన్ గురించి కూడా వాళ్లతో చెప్పుకోవచ్చు. నాలుగేండ్లుగా ఈ భయం మోస్తున్నది మీరు. వృద్ధుల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది. ఫైర్‌స్టేషన్‌కు కూడా ఒకసారి వెళ్లి ఇంటి పరిస్థితి చెప్పి, సలహా ఇవ్వడానికి ఎవరైనా వస్తారా అని అడగండి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో వాళ్లే కాలనీలు తిరిగి చెబుతుంటారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం చేసే వారం అది. పిల్లల మాట వినని పెద్దమనిషి కూడా ఖాకీ బట్టలేసుకున్న మనిషి “ఈ తలుపు ఖాళీగా ఉండాలె పెద్దాయనా” అంటే వింటాడు. వినకపోయినా మీ మీద కోపం రాదు.

పాపను పంపే విషయం. పగలు తీసుకెళ్లండి, మీరు పక్కన ఉండండి, సాయంత్రానికి తిరిగి రండి. ఆ దారి, రెండు తలుపులు తెరుచుకునేదాకా రాత్రి అక్కడ పడుకోబెట్టొద్దు. ఈ సంగతి బాపుకు దాచకుండా చెప్పండి, బెదిరింపులాగా కాకుండా: “పాప నీ దగ్గర పండుకోవాలంటుంది బాపూ. మంచం కాడినుంచి తలుపు దాకా జాగ అయితే తీసుకొస్త.” మనవరాలు రావడం ఆయనకూ కావాలి. ఈ పనికి ఆయనకు సొంత కారణం అంటూ ఒకటి దొరికితే మీ సగం పని అయినట్టే. అయితే దసరాకు కాలేదని ముఖం మాడ్చుకోకండి, సంక్రాంతి ఉంది.

బతిమాలడం ఎక్కడ ఆపాలన్నది కూడా మీరు తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, సొంత నిర్ణయం తీసుకోగల పెద్దమనిషిని ఆయన ఇష్టం లేకుండా ఆసుపత్రిలో చేర్చడం కుదరదు. తనకో ఇతరులకో హాని చేసుకునేంతగా, తనను తాను చూసుకోలేనంతగా పరిస్థితి చేయిదాటినప్పుడే, డాక్టర్లు పరీక్షించి తేల్చాక, దానికి వీలుంటుంది. గ్యాస్ వాసన వస్తుండగానే పొయ్యి వెలిగిస్తున్నా, వైర్లు మండిన వాసన వస్తున్నా, మళ్లీ నిప్పంటుకున్నా, చావు మాట ఎత్తినా సంప్రదింపులు పక్కన పెట్టండి. గ్యాస్ అయితే చెప్పాను కదా, ముందు బయటికి. కరెంటు అయితే, చెయ్యి పెట్టగల స్థితిలో ఉంటే, మెయిన్ ఆపండి. బాపును బయటికి తీసుకొచ్చి ఆ రాత్రికి మీ ఇంట్లో పెట్టుకోండి, చావు మాట అయితే ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చేయండి, లేదంటే ఎంజీఎంకు తీసుకెళ్లండి. అప్పుడు కూడా ఇంట్లో ప్రమాదకరమైన దాన్ని సరిచేయించండి, సామాను జోలికి పోకండి.

పెళ్లి రెండు రోజులకు తమ్ముడు సెలవు పెట్టుకునే ఉంటాడు, ఆ సెలవు రద్దు చేసుకోవద్దనండి. పెళ్లయ్యాక బాపుతోపాటు కరీమాబాద్ వచ్చి, ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుని, ఆయన చెప్పిన చోటుకు దొడ్డి తలుపు ముందున్న సంచులు మోయమనండి. ఆ బరువు మీరొక్కరే మోయలేరు. పనిలో పనిగా వంటగ్యాస్ ట్యూబ్ కూడా కొత్తది అతన్నే కొనుక్కురమ్మనండి.